వోరికొనజోల్ ఎంఐసీ ఒకసారి 0.5, మళ్లీ పెడితే 2: రిపోర్టులో ఏది రాయాలి?

ప్రశ్న:
నమస్తే అండీ. చెన్నైలో ఒక ఆసుపత్రి మైక్రోబయాలజీ ల్యాబ్‌లో పనిచేస్తున్నాను. ఊపిరితిత్తుల శాంపిల్‌లో ఆస్పర్‌జిల్లస్ ఫ్యూమిగేటస్ అనే బూజు పెరిగింది. సీఎల్ఎస్ఐ ఎం38 (బూజుల మీద మందుల్ని పరీక్షించే అమెరికా ప్రమాణం) ప్రకారం బ్రాత్ మైక్రోడైల్యూషన్ (ప్లేటు గుంటల్లో మందుని మెట్లుగా పలచన చేసి పెట్టే టెస్టు) పెడితే, ఫంగస్ మందు వోరికొనజోల్ ఎంఐసీ (ఎదుగుదలని ఆపే అతి తక్కువ మోతాదు, మైక్రోగ్రాము/ఎంఎల్‌లో) మొదట 0.5, మళ్లీ పెడితే 2. ఒకటేమో సెన్సిటివ్, ఇంకోటి రెసిస్టెంట్! ఇంకో పేషెంటుకి రైజోపస్ అనే వేరే బూజు వచ్చింది, దానికీ వోరికొనజోల్ రిపోర్టు కావాలని డాక్టరుగారు ఫోన్ మీద ఫోన్. టెన్షన్‌గా ఉంది, తెలిసినవాళ్లు చెప్పండి.

జవాబు:
తమ్ముడూ, ఇనాక్యులమ్ (ప్లేటులో వేసే స్పోర్ల మోతాదు) ఎలా కొలిచారు? క్యూసీ స్ట్రెయిన్ (టెస్టు సరిగా నడిచిందో చూసే, ఫలితం ముందే తెలిసిన ఫంగస్) పక్కన పెట్టారా?

ప్రశ్న వేసినవారు:
బాక్టీరియాకి లాగే మెక్‌ఫార్లాండ్ ట్యూబుతో (మసకదనం పోల్చే ప్రమాణ ట్యూబు) కంటితో పోల్చాం అక్కా. క్యూసీ ఈసారి పెట్టలేదు.

జవాబు:
అయితే ముందు ఆ రెండూ సరిచేయండి. బూజు స్పోర్ల రంగు, సైజు జాతిని బట్టి మారతాయి కాబట్టి కంటి అంచనా నమ్మలేం. పొటాటో డెక్స్‌ట్రోజ్ అగార్ మీద 35 డిగ్రీల దగ్గర వారం పెంచి, సెలైన్‌లో చుక్క ట్వీన్ 20 కలిపి స్పోర్లు తీయండి (బయోసేఫ్టీ క్యాబినెట్‌ నడుస్తుండగా అందులోనే, గదిలో సీలింగ్ ఫ్యాన్ మాత్రం ఆపేసి). 3 నుంచి 5 నిమిషాలు వదిలేస్తే ముద్దలు అడుక్కి చేరతాయి. పైభాగం మాత్రం తీసి 530 నానోమీటర్ల దగ్గర ఓడీ (స్పెక్ట్రోఫోటోమీటర్ కొలిచే మసకదనం) 0.09 నుంచి 0.13 మధ్యకి తెచ్చి, అప్పుడు 50 రెట్లు పలచన చేయండి. ఈ ఓడీ ఆస్పర్‌జిల్లస్‌కి. రైజోపస్, ఫ్యుజేరియం లాంటివాటికి 0.15 నుంచి 0.17. ప్లేటు మీద కౌంట్ వేసి సరిచూసుకుంటే ఇంకా మంచిది.

ఇక మీ 0.5, 2 సంగతి. ఈ టెస్టులో ఒక మెట్టు (మోతాదు రెట్టింపు లేదా సగం) అటూ ఇటూ మామూలే, అసలు విలువ 1 అయితే మీకు వచ్చిన రెండూ దానికి ఒక్కో మెట్టు దూరంలోనే ఉన్నాయి. సీఎల్ఎస్ఐ లెక్కలో 1 అంటే ఇంటర్మీడియట్. అందుకే ఏదో ఒకటి ఎంచుకుని రాసేయకండి, ఆ ఒక్క అక్షరం చూసి అక్కడ మందు మార్చేస్తారు. క్యూసీకి కాండిడా పారాప్సిలోసిస్ ఏటీసీసీ 22019 పక్కన పెట్టి, మళ్లీ చేసి, 46 నుంచి 50 గంటల మధ్య చదవండి. ఏజోల్‌కి (వోరికొనజోల్ ఈ వర్గం మందే) కంటికి ఎదుగుదల అసలు కనపడని మొదటి వెల్లే (ప్లేటు గుంట) ఎండ్‌పాయింట్, కాస్త మసక ఉన్నా లెక్కలోకి రాదు. అప్పుడూ 2 వస్తే చండీగఢ్ పీజీఐలోని ఫంగల్ కల్చర్ కలెక్షన్ లాంటి రెఫరెన్స్ ల్యాబ్‌కి పంపి, ఏజోల్ మందులు గురిపెట్టే సీవైపీ51ఏ జీన్‌లో టీఆర్34/ఎల్98హెచ్ లాంటి, రెసిస్టెన్స్ తెచ్చే మార్పులు చూడమని అడగండి.

ఇంకో సభ్యుడు:
యూకాస్ట్ (యూరప్ ప్రమాణం) బ్రేక్‌పాయింట్లు (సెన్సిటివ్, రెసిస్టెంట్ అని విడదీసే హద్దులు) తెచ్చి ఎం38 ప్లేటుకి వాడకండి. అక్కడ మీడియంలో గ్లూకోజ్ 2 శాతం, ఇక్కడ 0.2, ఇనాక్యులమ్ కూడా అక్కడ ఎక్కువ.

ప్రశ్న వేసినవారు:
మరి రైజోపస్‌కి ఎన్ని గంటలకు చదవాలి?

జవాబు:
చదవడం 21 నుంచి 26 గంటల మధ్యే, కానీ వోరికొనజోల్‌కి ఆ ప్లేటే అక్కర్లేదు. మ్యూకరేల్స్ (రైజోపస్ చేరే బూజు వర్గం) మీద అది పనిచేయదు, బ్రేక్‌పాయింట్లూ లేవు. ఎంఐసీ కోసం ఆగకుండా ఇప్పుడే డాక్టరుగారికి ఫోన్ చేసి ఇది రైజోపస్ అని, వోరికొనజోల్‌తో లాభం లేదని చెప్పండి. వాళ్లు ఆంఫోటెరిసిన్ బి అనే మరో ఫంగస్ మందు గురించి నిర్ణయం తీసుకోవాలి, అక్కడ ప్రతి గంటా లెక్కే. ఫ్యూమిగేటస్‌కి ప్రిలిమినరీ రిపోర్టులో జాతి పేరు రాసి, ‘ససెప్టిబిలిటీ (మందు పనిచేస్తుందో లేదో చూసే టెస్టు) మళ్లీ చేస్తున్నాం’ అని పెట్టండి.