12 లక్షల అప్పు చేసి లా చదివించాలా, లాసెట్ సీటుతో సరిపెట్టుకోవాలా?

కొత్తపేట తండ్రి (గుంటూరు):
మా అమ్మాయికి క్లాట్ (జాతీయ న్యాయ విశ్వవిద్యాలయాల ప్రవేశ పరీక్ష) ద్వారా విశాఖలోని దామోదరం సంజీవయ్య జాతీయ న్యాయ విశ్వవిద్యాలయంలో సీటు వచ్చేలా ఉంది. ఐదేళ్లకు ఫీజు, హాస్టలు, ఇతర ఖర్చులు కలిపి 12 లక్షలు అనుకుంటున్నాను. నేను మిర్చి కమీషన్ కొట్లో గుమాస్తాను. అప్పు తప్ప మార్గం లేదు. రాష్ట్ర లా కాలేజీల ప్రవేశ పరీక్ష లాసెట్ రాయించి ఇక్కడే చేర్పించమని మా బావమరిది పోరుతున్నాడు. ప్లీడరుకు కావలసింది సన్నదు (ప్రాక్టీసుకు అనుమతి పత్రం) కానీ కాలేజీ పేరు కాదని ఆయన వాదన. అమ్మాయికేమో జడ్జి కావాలని ఉంది. ఏం చేయమంటారు?

విశ్రాంత బ్యాంకు ఉద్యోగి (సత్యనారాయణపురం):
మంచి సీటును అప్పుకు భయపడి వదులుకోవద్దు. మామూలుగా విద్యారుణం 7.5 లక్షలు దాటితే ఆస్తి తాకట్టు అడుగుతారు. 2024 నవంబరులో కేంద్రం ఆమోదించిన పీఎం విద్యాలక్ష్మి విద్యారుణ పథకం జాబితాలో ఆ సంస్థ ఉంటే తాకట్టు, హామీదారు ఏమీ అక్కరలేదు. కుటుంబ ఆదాయం ఏటా 8 లక్షల లోపుంటే 10 లక్షల వరకు అప్పు మీద, కిస్తీ కట్టనక్కరలేని మారటోరియం కాలంలో 3 శాతం వడ్డీ రాయితీ కూడా ఉంది. అయితే ఇంకో ప్రభుత్వ స్కాలర్‌షిప్ తీసుకునేవారికి ఈ రాయితీ రాదు.

రాయితీ లేదనుకునే లెక్క వేద్దాం. ఏటా 2.4 లక్షల చొప్పున ఐదేళ్లు, వడ్డీ 10 శాతం. చదువు కాలం, ఆ తర్వాత ఇంకో ఏడాది కిస్తీ ఉండదు కానీ బారువడ్డీ పడుతూనే ఉంటుంది. కట్టడం మొదలయ్యేనాటికి అప్పు 16.8 లక్షలు. 15 ఏళ్లకు పెట్టుకుంటే నెలకు సుమారు 18,000. కార్పొరేట్ సంస్థలో చేరిన పిల్లకు ఇది పెద్ద బరువేమీ కాదు. నాలుగేళ్లు ఉద్యోగం చేసి, చాలావరకు తీర్చేసి, ఆ తర్వాత కోర్టుకు రావచ్చు.

బెజవాడ జూనియర్:
లెక్క బాగానే ఉంది సార్, ఆదాయం గడి మాత్రం ఖాళీగా వదిలేశారు. ఆ అమ్మాయి కోరుకునేది జడ్జి పదవి. సివిల్ జడ్జి పరీక్ష రాయాలంటే మూడేళ్ల ప్రాక్టీసు ఉండాలని 2025 మే నెలలో సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చింది. కార్పొరేట్‌లో గడిపే నాలుగేళ్లు అందులో కలుస్తాయా? సీనియర్ దగ్గర జూనియర్‌గా ఉండే ఆ మూడేళ్లలోనే బ్యాంకు నెలకు 18,000 అడుగుతుంది.

జూనియర్లకు పట్టణాల్లో 20,000, గ్రామీణ ప్రాంతాల్లో 15,000 ఇవ్వాలని బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా 2024 అక్టోబరులో చెప్పింది. అది సిఫార్సు మాత్రమే. నేను చూసిన ఆఫీసుల్లో నేలపాడు హైకోర్టుకు వెళ్లివచ్చే ఖర్చులు ఇచ్చినా గొప్పే. నేను లాసెట్ కన్వీనర్ సీటులో, ఫీజు రీయింబర్స్‌మెంటుతో చదివాను కాబట్టి నిలబడగలిగాను. నాకంటే తెలివైనవాళ్లు కిస్తీ కోసం బెంగళూరు కంపెనీల్లో కాంట్రాక్టులు దిద్దుతున్నారు. అమెరికాలోలాగా ప్రజల పక్షాన పనిచేసే లాయర్ల అప్పును తీర్చిపెట్టే పథకం ఇక్కడా రావాలి.

న్యూజెర్సీలో తెనాలివాడు:
అమెరికా పేరు ఎత్తారు కాబట్టి చెబుతున్నాను. 2007 చట్టం ప్రకారం ప్రభుత్వంలోనో లాభాపేక్ష లేని సంస్థలోనో పనిచేస్తూ 120 నెలవారీ చెల్లింపులు పూర్తి చేస్తే మిగిలిన ఫెడరల్ (కేంద్ర ప్రభుత్వ) విద్యారుణం రద్దవుతుంది. ఇది కాక, తక్కువ జీతపు ప్రజాసేవలో చేరిన తమ పట్టభద్రులకు కిస్తీల్లో సాయం చేసే లా స్కూళ్లూ ఉన్నాయి. వినడానికి చాలా బాగుంటుంది. తీరా పదేళ్లు గడిచి మాఫీకి దరఖాస్తులు మొదలయ్యాక, తొలి రెండేళ్లలో దాదాపు అన్నిటినీ తిరస్కరించారు. అప్పు రకం వేరని, చెల్లింపు ప్రణాళిక సరిపోదని సాకులు. 2021లో నిబంధనలు సడలించాకే జనానికి ఊరట దొరికింది. ఇప్పుడు 2026 జులై నుంచి లా వంటి వృత్తి కోర్సుల ఫెడరల్ అప్పుకు ఏటా 50,000 డాలర్లు, మొత్తం 2 లక్షల డాలర్ల పరిమితి పెట్టారు. పదేళ్ల తర్వాత ప్రభుత్వం ఏం చేస్తుందో నమ్మి ఇవాళ సంతకం పెట్టడం నాకైతే జూదమే.

విశ్రాంత బ్యాంకు ఉద్యోగి:
అదీ మాట. కౌలు రైతు అప్పు కింద నలిగిపోతుంటే లాయరు అప్పు ఖజానా ఎందుకు కట్టాలి?

బ్రాడీపేట సీనియర్:
జాతీయ విశ్వవిద్యాలయం పిల్లలు ఇంగ్లీషులో పిటిషన్ ముత్యాల్లా రాస్తారు. మున్సిఫ్ కోర్టులో సాక్షి తెలుగులో మాట మారిస్తే అక్కడికక్కడ పట్టుకోవడానికి మాత్రం నీళ్లు నములుతారు. నా ఓటు లాసెట్‌కే.

బెజవాడ జూనియర్:
సీనియర్ గారూ, ఆ పట్టు మాకూ కాలేజీలో రాలేదు, మీవంటివారి వెనక నిలబడితే వచ్చింది. ఆ నిలబడే మూడేళ్లకు తిండి ఎవరు పెడతారన్నదే నా గొడవ.

బ్యాంకు సార్, నేను అసలు సొమ్మును మాఫీ చేయమనడం లేదు. 2019లో లా నేస్తం పేరుతో జూనియర్లకు నెలకు 5,000 చొప్పున ఇదే రాష్ట్రం ఇచ్చింది. అంటే ఈ వృత్తిలో మొదటి మూడేళ్లు గడ్డుకాలమని సర్కారే ఒప్పుకుంది. మీ 18,000 కిస్తీలో మొదటి నెల 14,000 వడ్డీకే పోతుంది. లీగల్ ఎయిడ్ (పేదలకు ఉచిత న్యాయసాయం) కేసులు చూసే జూనియర్లకు మూడేళ్లపాటు ఆ వడ్డీ భరించమంటున్నాను. కేసు చూస్తేనే డబ్బు, మానేస్తే లేదు. పదేళ్ల తర్వాతి వాగ్దానం కాదు కాబట్టి తెనాలి అన్నయ్య భయపడే జూదం ఇందులో లేదు. జైల్లో ఉన్న కౌలు రైతు కొడుక్కి లాయరు కావాలంటే వచ్చేది ఈ జూనియర్లే.

కొత్తపేట తండ్రి:
ఆ పథకం వచ్చేనాటికి మా అమ్మాయి చదువు అయిపోతుంది. చదువుకునేటప్పుడే వడ్డీ కట్టేయవచ్చా?

విశ్రాంత బ్యాంకు ఉద్యోగి:
నిక్షేపంగా. మొదటి ఏడాది నెలకు 2,000, ఏటా ఇంకో 2,000 పెరుగుతూ ఐదో ఏడాదికి 10,000. చదువు తర్వాతి ఏడాదీ అంతే. అలా కడితే అసలు 12 లక్షల దగ్గరే ఆగుతుంది, కిస్తీ 12,900కు దిగుతుంది. అలా కట్టేవారికి కొన్ని బ్యాంకులు వడ్డీలో 1 శాతం తగ్గిస్తాయి కూడా. సంతకం పెట్టేముందు అది అడగండి.

బెజవాడ జూనియర్:
12,900 కూడా జూనియర్ ఆదాయంలోంచి రాదు. మొదటి మూడేళ్లు ఎవరు కట్టాలో ఇంట్లో ఇప్పుడే తేల్చుకోండి.

కొత్తపేట తండ్రి:
2,000 నాకు కుదురుతుంది. 10,000 అంటే మా బావమరిదిని కూడా కూర్చోబెట్టి మాట్లాడాలి. సోమవారం బ్యాంకుకు వెళ్లి జాబితా సంగతి, ఆ 1 శాతం సంగతి కనుక్కుంటాను. లాసెట్ దరఖాస్తు కూడా వేయిస్తున్నాను.