మ్యూజియం పెట్టెలో పాత టెక్టికస్ ఈగలు: కొత్త జాతి అని ఎలా తేల్చాలి?

రంపచోడవరం_రెక్క

అందరికీ నమస్కారం. మా వ్యవసాయ కళాశాల కీటక మ్యూజియంలో సోల్జర్ ఫ్లైల (స్ట్రాటియోమైడే కుటుంబపు ఈగల) పెట్టెలో టెక్టికస్ ప్రజాతి (దగ్గరి జాతుల గుంపు, జీనస్) ఈగలు ఆరు ఉన్నాయి. నాలుగు మగవి, రెండు ఆడవి. లేబుల్ మీద మారేడుమిల్లి, ఆగస్టు 1974, "కుళ్లిన పనసపండు మీద" అని ఉంది. ప్రజాతి విషయంలో అనుమానం లేదు: యాంటెన్నా రెండో ముక్క లోపలివైపు బొటనవేలులా ముందుకు పొడుచుకొచ్చింది, స్కుటెల్లం (థొరాక్స్, అంటే ఛాతీ భాగం, వెనక ఉండే చిన్న పలక) మీద ముళ్లు లేవు. జాతి దగ్గరే ఆగిపోయాను. ఓరియంటల్ ప్రాంతానికి (దక్షిణ, ఆగ్నేయాసియాకు) 2009లో వచ్చిన కీలో (లక్షణాలను ఒక్కొక్కటిగా ఎంచుకుంటూ జాతి పేరు చేరే పట్టికలో) పెడితే ఎటూ వెళ్లడం లేదు. వెనక కాలి టార్సస్ (పాదం) మొత్తం నల్లగా ఉంది, ఉదరం మీద నల్ల పట్టీలు మధ్యలో తెగి ఉన్నాయి.

నా ప్రశ్నలు: కొత్త జాతి అని ఎప్పుడు ధైర్యంగా అనొచ్చు? దగ్గరి జాతులను విడదీసే మగ జననాంగాలు విప్పి చూడడానికి పద్ధతి ఏమిటి? యాభై ఏళ్ల నాటి ఈగల నుంచి డీఎన్ఏ వస్తుందా? జూన్‌లో ఇచ్చే థీసిస్‌లో కొత్త పేరు పెట్టవచ్చా? ఇంకోటి, పిన్నుల చుట్టూ పచ్చటి చిలుము పేరుకుంది. పిన్ను మార్చాలా?

కేటలాగ్_పురుగు

ముందు చిలుము సంగతి. పిన్ను లాగొద్దు. ఇత్తడి పిన్నుకి పట్టిన చిలుము థొరాక్స్ లోపల గట్టిగా అతుక్కుని ఉంటుంది, లాగితే థొరాక్స్ రెండుగా చీలుతుంది. పైకి కనిపించే పచ్చటి ముద్దను సన్నటి సూదితో గీకి తీసేస్తే చాలు.

కీ ఎటూ వెళ్లలేదంటే కొత్త జాతి అనుకోకండి. కీ రాసినవాళ్ల చేతికి వచ్చిన జాతులే కీలో ఉంటాయి. మీరు చేయాల్సింది పేర్ల పట్టిక. వుడ్లీ 2001లో తెచ్చిన ప్రపంచ స్ట్రాటియోమైడే కేటలాగ్ పునాదిగా పెట్టుకుని, ఆ తర్వాత వచ్చిన పేర్లను ఈగల పేర్ల డేటాబేస్ సిస్టెమా డిప్టెరోరమ్‌లో, జంతుశాస్త్ర ప్రచురణల సూచిక జూలాజికల్ రికార్డ్‌లో వెతకండి. ఓరియంటల్ ప్రాంతపు టెక్టికస్ పేర్లన్నీ రాసుకోండి, పర్యాయనామాలుగా కలిపేసినవి కూడా. చాలామంది ఇక్కడే దెబ్బతింటారు. వందేళ్ల కిందట ఎవరో పేరు పెట్టగా, తర్వాత ఇంకొకరు "ఇది ఫలానాదే" అని కలిపేసిన జాతే మీ ఈగ కావచ్చు. అప్పుడు కొత్త పేరు అక్కర్లేదు, పాత పేరునే మళ్లీ నిలబెట్టాలి.

తర్వాత మూల వర్ణనలు. భారత ఈగలకు బ్రునెట్టి 1920లో ఫానా ఆఫ్ బ్రిటిష్ ఇండియాలో రాసిన సంపుటి తప్పనిసరి. బయోడైవర్సిటీ హెరిటేజ్ లైబ్రరీలో ఉచితంగా దొరుకుతుంది. పందొమ్మిదో శతాబ్దపు బ్రిటిష్ కీటక శాస్త్రవేత్త వాకర్ వర్ణనలతోనే తలనొప్పి. టెక్టికస్ ఆరిఫెర్‌కి 1854లో పేరు పెట్టింది ఆయనే. నాలుగు ముక్కల్లో రంగులు చెప్పి ముగించేస్తాడు, జననాంగాల ఊసే ఉండదు. కాబట్టి టైపులు (పేరు పెట్టినప్పుడు ఆధారంగా ఉంచిన అసలు నమూనాలు) చూడక తప్పదు. వాకర్‌వి లండన్ నేచురల్ హిస్టరీ మ్యూజియంలో, షైనర్ 1868లో వర్ణించిన నోవారా ఓడ యాత్రలో పట్టిన ఈగలు వియన్నాలో, బ్రునెట్టివి కలకత్తా జడ్‌ఎస్ఐ (జూలాజికల్ సర్వే ఆఫ్ ఇండియా)లో, లండన్‌లో. క్యూరేటర్‌కి రాసేటప్పుడు "ఫోటో పంపండి" అని ఊరుకోవద్దు. యాంటెన్నా లోపలి వైపు, నుదురు ఎదురుగా, ఉదరం పైనుంచి, వెనక కాలు పక్కనుంచి, లేబుళ్లన్నీ, ఇలా కోణాలు చెప్పి అడిగితే పని త్వరగా అవుతుంది.

రంగుల విషయంలో జాగ్రత్త. ఆకుపచ్చటి ఓడొంటోమియా (మరో సోల్జర్ ఫ్లై ప్రజాతి) ఎండాక పసుపు అవుతుంది. టెక్టికస్‌లో ఇంకో తిరకాసు: పసుపు భాగాలకు లోపలి కొవ్వు ఊరి ముదురు గోధుమ రంగు వస్తుంది. లేత ఉదరంలోంచి పేగులోని నల్లటి పదార్థం కనిపించి పట్టీలా భ్రమ కలిగిస్తుంది. మీరు చెప్పిన తెగిన పట్టీలు నిజంగా పట్టీలేనా? క్షారంలో ఉడికించాక పేగు కరిగిపోతుంది, చర్మంలోని నలుపు మిగులుతుంది. పట్టీ అప్పటికీ కనిపిస్తే నిజమైనదే. ఉడికించే ముందు ఫోటో తీసి పెట్టుకోండి.

గ్లిజరిన్_చుక్క

జననాంగాల పద్ధతి రాస్తున్నాను.

ఎండిన ఈగ ఉదరం పెళుసుగా ఉంటుంది. తడి ఇసుక పోసిన మూత డబ్బాలో, ఈగకు నీళ్లు తగలకుండా, ఒక రోజు ఉంచండి. బూజు రాకుండా రెండు థైమాల్ పలుకులు వేయండి. మెత్తబడ్డాక సన్నటి ఫోర్సెప్స్‌తో ఉదరాన్ని మొదట్లో పట్టుకుని కింది నుంచి పైకి వంచితే మొత్తం ఊడి వస్తుంది. పట్టీల సంగతి తేలాలంటే కొస ఒక్కటే కాదు, ఉదరం మొత్తం తీయాలి.

100 మి.లీ. నీళ్లలో 10 గ్రాముల పొటాషియం హైడ్రాక్సైడ్. చిన్న గాజు గొట్టంలో అర అంగుళం లోతు పోసి, దాన్ని వేడినీళ్ల గిన్నెలో నిలబెట్టండి. నేరుగా మంట మీద పెడితే క్షారం ఎగిరి కంట్లో పడుతుంది. రెండు మూడు నిమిషాలకోసారి తీసి చూడాలి. టెక్టికస్‌కి 10 నిమిషాలు చాలావరకు సరిపోతుంది. తొందర లేకపోతే వేడి చేయకుండా రాత్రంతా వదిలేయండి, అదే క్షేమం. ఈ ప్రజాతి చర్మం లేత రంగు కాబట్టి ఎక్కువ ఉడికితే గాజుముక్కలా అయిపోయి అంచులు కనిపించవు. అలా అయితే క్లోరజోల్ బ్లాక్ అనే రంగు ఒక చుక్క నీళ్లలో కలిపి కొన్ని సెకన్లు ముంచితే అంచులు నీలి నలుపుగా తేలతాయి.

తర్వాత నీళ్లలో కడిగి, ఎసిటిక్ ఆమ్లం కలిపిన నీళ్లలో ఐదు నిమిషాలు, మళ్లీ నీళ్లలో. ఈ మధ్య దశ దాటేస్తే మిగిలిన క్షారం గ్లిజరిన్‌లోనూ చర్మాన్ని తింటూనే ఉంటుంది. చివరి ఖండాల నుంచి జననాంగాన్ని సూదులతో విడదీసి, గుంట స్లైడ్ మీద గ్లిజరిన్‌లో పెట్టి చూడండి. కదలకుండా నిలబడాలంటే గ్లిజరిన్ జెల్లీ ముక్కను గోరువెచ్చగా కరిగించి అందులో కూర్చోబెట్టండి.

గీయాల్సినవి (అన్నీ మగ జననాంగంలోని భాగాలే): ఎపాండ్రియమ్, సెర్కై, సర్‌స్టైలస్ పైనుంచి. జెనిటల్ క్యాప్సూల్ కిందినుంచి, దాని వెనక అంచులోని మధ్య పొడుపుతో సహా. గోనోస్టైలస్ (పట్టుకునే కొక్కెం) వెనకనుంచి. ఫాలస్ (లింగం) పైనుంచి, పక్కనుంచి. స్కేల్ గీత ప్రతి బొమ్మకూ వేరు.

చివరికి అన్నీ మైక్రోవయల్ (చిన్న బిరడా గొట్టం)లో వేసి, బిరడాలోంచి ఆ ఈగ పిన్నుకే గుచ్చండి. గ్లిజరిన్ ఒక చుక్క చాలు. నిండా పోస్తే మన కోస్తా ఎండలకు వ్యాకోచించి బయటికి కారి, లేబుల్ సిరా అలికేస్తుంది. ఒకేసారి రెండు ఈగల ఉదరాలు ఉడికించవద్దు. ఏది దేనిదో కలిసిపోతే రెండూ పోయినట్టే.

రంపచోడవరం_రెక్క

ధన్యవాదాలండీ. నాలుగు మగవాటిలో ఒకటి చక్కగా ఉంది, మిగతావాటికి కాళ్లు విరిగాయి. బాగున్నదాన్ని హోలోటైప్‌గా (కొత్త పేరు ఆధారపడే ఒక్క నమూనాగా) ముట్టుకోకుండా ఉంచి, విరిగినదాన్ని విప్పితే సరిపోదా?

ఎర్ర_లేబుల్

సరిపోదు. ఒకే పనసపండు మీద ఒకే రోజు పట్టినా రెండు దగ్గరి జాతులు కలిసి ఉండొచ్చు. పేరు వెళ్లేది హోలోటైప్‌తో. దాని జననాంగం చూడకుండా విరిగిన పారాటైప్ (హోలోటైప్ కాక వర్ణనలో చేర్చిన మిగతా నమూనా) బొమ్మ వేస్తే, రేపు హోలోటైప్ వేరే జాతి అని తేలితే మీ వర్ణన ఒక ఈగది, పేరు ఇంకో ఈగది అవుతుంది. బాగున్న మగదాన్నే హోలోటైప్ చేసి, ముందు ఫోటోలన్నీ తీసి, దాన్నే విప్పండి. మిగతా మూడింటినీ విప్పి పోల్చండి. ఆడవి మగవాటి జాతే అని నమ్మకం కలగకపోతే పారాటైపుల్లో చేర్చకండి, "చూసిన ఇతర నమూనాలు" కింద రాయండి.

ఫోటోలకు కాంతి నేరుగా పడకుండా చుట్టూ బటర్ పేపర్ గొట్టం పెట్టండి, లేకపోతే థొరాక్స్ మెరుపులో వెంట్రుకలు కనిపించవు. కొలతల్లో రెక్క పొడవుకే ఎక్కువ విలువ ఇవ్వండి. ఎండిన ఉదరం ముడుచుకుంటుంది కాబట్టి శరీరం పొడవు నమ్మదగింది కాదు.

థీసిస్‌లో పేరు పెట్టకండి. "టెక్టికస్ జాతి 1" అని రాయండి. సదస్సు సారాంశాల్లో, పత్రికా ప్రకటనల్లో కూడా పేరు బయటపెట్టొద్దు. మీ పేపర్ రాకముందే ఆ పేరు చలామణీలోకి వస్తే చెల్లుబాటు ఎప్పటినుంచి అన్న గొడవ మొదలవుతుంది.

పేపర్‌లో జంతు నామకరణ కోడ్ ప్రకారం తప్పనిసరి అంశాలు: ఇది కొత్త జాతి అని స్పష్టమైన ప్రకటన, వేరే జాతుల నుంచి విడదీసే లక్షణాలు, హోలోటైప్ ఏదో, ఏ సంస్థలో ఉంటుందో. 1999 తర్వాత ప్రచురించిన పేర్లకు హోలోటైప్ లాంటి పేరు మోసే టైపు చెప్పకపోతే పేరే లెక్కలోకి రాదు. పత్రిక ఆన్‌లైన్‌లో మాత్రమే వచ్చేదైతే జంతు పేర్ల అధికారిక రిజిస్టర్ జూబ్యాంక్‌లో ముందే నమోదై, ఆ నంబరు పేపర్ లోపల అచ్చై ఉండాలి. 2012 నుంచి ఇదే నియమం. డబ్బు కట్టగానే వేసేసే పత్రికల్లో ఇవేవీ చూడరు, తర్వాత పేరు నిలబడదు.

పాత లేబుల్‌ని ఉన్నది ఉన్నట్టు, వరుస మారిన చోట ఒక గీత, లేబుల్ మారిన చోట రెండు గీతలతో ఎత్తి రాయండి. మీ వివరణ విడిగా. ఊళ్ల పేర్లు సరిచూసుకోండి: కోకనాడ అంటే కాకినాడ, బెజవాడ అంటే విజయవాడ, ఉత్త "హైదరాబాద్" అని ఉంటే సింధ్‌లోదా దక్కన్‌దా అన్నది పట్టినవాళ్ల పేరుతోనో తేదీతోనో తేల్చాలి. పాత లేబుల్ ఎంత చిరిగినా తీసేయకండి, దాని కింద మీ ఎర్ర హోలోటైప్ లేబుల్ చేర్చండి.

చట్టం: 2002 జీవవైవిధ్య చట్టం 39వ సెక్షన్ ప్రకారం కొత్త జాతి కనుగొన్నవాళ్లు నిర్దేశిత నిల్వ సంస్థకు తెలియజేసి, నమూనా అక్కడ జమ చేయాలి. జంతువులకు అలాంటి సంస్థల్లో జడ్‌ఎస్ఐ ఒకటి. కాలేజీ పెట్టెలోనే హోలోటైప్ ఉంచుతామని పట్టుపట్టొద్దు. థర్మాకోల్ అడుగున్న పెట్టెలో డైక్లోరోబెంజీన్ బిళ్లలు వేసి, ఆవిరికి థర్మాకోల్ కరిగి పిన్నులు ఒరిగిపోయిన పెట్టెలు మన కాలేజీల్లో కొదవలేదు.

1974 అంటే పాతదేమీ కాదు. కీటకాలూ మొక్కలూ అన్నీ కలిపి, నమూనా దొరికాక వర్ణన రావడానికి సగటున 21 ఏళ్లు పడుతోందని 2012లో లెక్కగట్టారు. ఆస్ట్రేలియాలో 1981లో ఉత్తర క్వీన్స్‌లాండ్‌లో పట్టిన బంగారు పిరుదుల జోరీగకు 2011లో గానీ పేరు రాలేదు. అప్పుడు పెట్టిన పేరు స్కాప్షియా బియాన్సే, పాటగత్తె బియాన్సే మీద. మీరు ఊరి పేరు పెట్టేటట్టయితే లింగం చూసుకోండి. టెక్టికస్ పుంలింగం, ఊరి పేరు చివర "-ఎన్సిస్" సరిపోతుంది.

మామిడి_పండుఈగ

డీఎన్ఏ గురించి. సీఓఐ బార్‌కోడ్ (జాతిని గుర్తుపట్టడానికి వాడే డీఎన్ఏ ముక్క) 658 బేసులు (డీఎన్ఏ అక్షరాలు). యాభై ఏళ్ల ఎండు ఈగలో అంత పొడవు ఒక్క ముక్కగా రావడం అరుదు. 100 నుంచి 200 బేసుల మినీ బార్‌కోడ్‌కి ప్రైమర్లు (ఆ ముక్కను నకలు తీయడానికి వాడే చిన్న డీఎన్ఏ పోగులు) అడగండి. హోలోటైప్ జోలికి వెళ్లకుండా పారాటైప్ కుడి మధ్య కాలు తీసుకోండి, ఎడమవైపు కాళ్లన్నీ ఎప్పుడూ ఉంచేయండి. ఒక ఈగ నుంచి ఇంకో ఈగకు మారేటప్పుడల్లా ఫోర్సెప్స్‌ను మంటలో కాల్చాలి. క్షారంలో ఉడికిన ఉదరం డీఎన్ఏకి పనికిరాదు, అందుకే వరుస మార్చొచ్చు: పారాటైపుల్లో ఒకదాని ఉదరాన్ని ముందు ప్రొటీన్లను కరిగించే ప్రొటినేజ్ కే ద్రావణంలో 56 డిగ్రీల దగ్గర రాత్రంతా ఉంచితే డీఎన్ఏ ద్రావణంలోకి వస్తుంది, లోపలి కండరాలూ చాలావరకు పోతాయి. ఆ తర్వాత క్షారంలో కొద్ది నిమిషాలు చాలు.

పైన అందరూ ఎలా వర్ణించాలో చెప్పారు, నేను కాస్త వెనక్కి లాగుతాను. మన మామిడి తోటల్లోని పండుఈగ బాక్ట్రోసెరా డోర్సాలిస్ నుంచి 1994లో పపాయే, ఫిలిప్పినెన్సిస్ అని విడదీశారు. కెన్యాలో 2003లో కనిపించినదానికి 2005లో ఇన్వాడెన్స్ అని పేరు పెట్టారు. 2015కి ఈ పేర్లన్నీ డోర్సాలిస్‌లోనే కలిసిపోయాయి. ఎక్కువ ప్రాంతాల ఈగలను కొలిచేసరికి కొలతలు ఒకదానిలో ఒకటి కలిసిపోయాయి, సంపర్కానికీ అడ్డు లేదని తేలింది. ఈలోగా వేరు వేరు తెగుళ్లుగా లెక్కేసి ఎగుమతులకు ఆంక్షలు పెట్టారు. 1994లోనే విడదీసిన కారంబోలే మాత్రం వేరుగా నిలబడింది.

మీ దగ్గర ఉన్నవి ఒకే ఊరివి, ఒకే నెలవి. తూర్పు కనుమల్లో ఇంకో చోటి నుంచి, వీలైతే పడమటి కనుమల నుంచి కూడా చూడండి. వర్షాకాలంలో రాలిన పనస, మురిగిన వెదురు మొలకల దగ్గర టెక్టికస్ దొరుకుతుంది.

కేటలాగ్_పురుగు

పండుఈగతో పోలిక పూర్తిగా ఒప్పుకోను. అక్కడ తేడాలన్నీ పొడవుల్లో ఉన్నాయి, అందుకే కలిసిపోయాయి. ఇక్కడ గోనోస్టైలస్ ఆకారమే వేరుగా, నాలుగు మగవాటిలోనూ ఒకేలా ఉంటే నాలుగుతోనే వర్ణించొచ్చు. తేడా నల్ల టార్సస్ ఒక్కటే అయితే మాత్రం ఆగండి. ముందు నాలుగూ విప్పి, గోనోస్టైలస్, ఫాలస్ ఫోటోలు ఇక్కడ పెట్టండి, దగ్గరి జాతుల బొమ్మలతో పక్కపక్కన చూద్దాం.