18 వోల్టుల రెసిప్రొకేటింగ్ సా టేకు దూలం మధ్యలోనే ఆగిపోతోంది, ఏం చేయాలి?

అన్నలూ, హన్మకొండలో ఒక పాత పెంకుటిల్లు విప్పుతున్నాం. కరెంటు కనెక్షన్ తీసేశారు కాబట్టి కార్డ్‌లెస్ మెషీనే దిక్కు, గ్రైండర్ పెడదామంటే ఎండిన కట్టె మీద నిప్పురవ్వలు పడతాయని భయం. షాపువాళ్లు వారం వాడి చూడమని ఒక రెసిప్రొకేటింగ్ సా (బ్లేడు ముందుకూ వెనక్కీ ఆడే రంపం మెషీన్) ఇచ్చారు. 18 వోల్టులు, బ్రష్‌లెస్ మోటార్, 5 ఏహెచ్ (ఆంపియర్-అవర్, అంటే ఛార్జ్ పట్టే సామర్థ్యం) బ్యాటరీ, స్ట్రోక్ (బ్లేడు ఒకసారి కదిలే దూరం) 32 ఎంఎం.

12 ఎంఎం సలాకలు అంగుళానికి 18 పళ్లున్న బ్లేడుతో బాగానే తెగుతున్నాయి, అందులో ఏ కంప్లైంటూ లేదు. 6 అంగుళాల మందం టేకు దూలం దగ్గరే సమస్య. సగం దాకా, అంటే సుమారు 40 సెకన్లు కోశాక ఆగిపోయి లైటు మిణుకుమంటోంది, ఛార్జింగ్ మాత్రం ఇంకా మూడు గీతలు చూపిస్తోంది. ఐదు నిమిషాలు ఆగితే మళ్లీ 20 సెకన్లు నడుస్తుంది. పొద్దున ఏడింటికి కాస్త నయం, మధ్యాహ్నం ఎండలో మరీ ఘోరం.

అంగుళానికి 6 పళ్లున్న కొత్త బైమెటల్ బ్లేడు వేశాను, ఆర్బిటల్ (బ్లేడు కాస్త పైకీ కిందకీ కూడా ఊగే సెట్టింగ్) ఆన్‌లోనూ ఆఫ్‌లోనూ చూశాను, షూ (మెషీన్ ముందుండే ఇనుప పలక) కట్టెకు ఆనించి బరువు వేయకుండా కోశాను, బ్లేడు బిగుసుకోకుండా కోతలో చెక్క చీలిక కూడా దిగ్గొట్టాను. అదే రకం ఇంకో బ్యాటరీ పెట్టినా అంతే.

శనివారంలోపు తేల్చి చెప్పాలి. ఇలాంటి మందపాటి టేకు మీద వాడినవాళ్లు చెప్పండి, ఇదే మెషీన్‌కు 8 ఏహెచ్ బ్యాటరీ వేస్తే ఆగకుండా కోస్తుందా, లేక దీన్ని వాపసు ఇచ్చి 36 వోల్టులది తీసుకోవాలా?