సిల్వరాడోలో ఫోర్ వీల్ డ్రైవ్ బటన్లు వెలగడం లేదు, మాడ్యూల్ మార్చాలా?

అందరికీ నమస్కారం. నేను ఈమధ్యే ఇండియా నుంచి వచ్చాను, డెన్వర్ పక్కన ఆరోరాలో ఉంటున్నాను. 2004 షెవ్రొలె సిల్వరాడో సెకండ్ హ్యాండ్‌లో కొన్నాను. డాష్‌బోర్డు మీద ఆటో, టూ హై, ఫోర్ హై, ఫోర్ లో బటన్లు ఒక్కటీ వెలగడం లేదు, "సర్వీస్ ఫోర్ వీల్ డ్రైవ్" అని మెసేజ్ వస్తోంది. ఒక షాపులో చూపిస్తే కంట్రోల్ మాడ్యూల్ (ఫోర్ వీల్ డ్రైవ్‌ని నడిపించే ఎలక్ట్రానిక్ డబ్బా) పోయింది, మార్చాల్సిందే అన్నారు. ఆన్‌లైన్లో కొని నేనే పెట్టుకోవచ్చా? చలికాలం వచ్చేస్తోంది, టెన్షన్‌గా ఉంది.

—

తమ్ముడూ, ఆ మాడ్యూల్ ఇప్పుడే ఆర్డర్ పెట్టకు. అది నిజంగానే పోయి ఉండొచ్చు, కాదనను. కానీ నాలుగు బటన్లూ ఒకేసారి చీకటైపోయాయంటే మాడ్యూల్ పోయిందనైనా అనుకోవాలి, దానికి కరెంటు అందడం లేదనైనా అనుకోవాలి, సీట్లో కూర్చుని చూస్తే ఈ రెండూ ఒకేలా కనిపిస్తాయి. ఆ కాలపు జీఎం (షెవ్రొలె తయారుచేసే జనరల్ మోటార్స్) ట్రక్కుల్లో ఇగ్నిషన్ స్విచ్ లోపలి కాంటాక్టులు అరిగిపోయి మాడ్యూల్‌కి సరఫరా ఆగిపోవడం బాగా తెలిసిన జబ్బే. కొత్త మాడ్యూల్ తెచ్చి పెట్టాక కూడా బటన్లు వెలగకపోతే డబ్బూ పోయె, వారమూ పోయె.

కాబట్టి ఒక మామూలు మల్టీమీటర్ కొనుక్కో. ఓనర్స్ మాన్యువల్లో ఫ్యూజుల పేజీ తీసి, ఫోర్ వీల్ డ్రైవ్‌కి సంబంధించినవి డాష్‌బోర్డు పక్కనున్న డబ్బాలోనూ, బానెట్ కింద డబ్బాలోనూ ఎక్కడున్నాయో చూడు. తాళం ఆన్‌లో పెట్టి ప్రతి ఫ్యూజుకీ రెండు వైపులా 12 వోల్టులు వస్తున్నాయో లేదో చూడాలి, ఊరికే పైకి తీసి తీగ తెగిందా అని చూస్తే చాలదు. రెండు వైపులా రాకపోతే తప్పు ఇగ్నిషన్ స్విచ్ వైపే వెతకాలి. ఫ్యూజుల దగ్గర వస్తుంటే స్టీరింగ్ కాలమ్ కింది ప్యానెల్ తీసి మాడ్యూల్ కనెక్టర్ దగ్గర పవరూ, గ్రౌండూ (కరెంటు తిరిగి వెళ్లే నెగటివ్ వైరు) చూడాలి. అక్కడ పసుపు రంగు కనెక్టర్లు కనిపిస్తే అవి ఎయిర్‌బ్యాగ్‌వి, వాటి జోలికి అస్సలు పోవద్దు. ఇక గ్రౌండ్ వైర్ల సంగతి. ఇక్కడ మంచు పడితే రోడ్ల మీద మెగ్నీషియం క్లోరైడ్ ద్రావణం చల్లుతారు, అన్నేళ్లు దాంట్లో తిరిగిన బండికి ఫ్రేమ్ దగ్గర గ్రౌండ్ బోల్టులు తుప్పు పట్టి ఉంటే ఆశ్చర్యం లేదు, విప్పి గీకి మళ్లీ బిగించు.

ఆ షాపువాళ్లని ఒకే ఒక్క మాట అడుగు: "ఏ కోడ్ వచ్చింది?" కోడ్ అంటే తప్పు ఎక్కడుందో స్కానర్ చూపించే నంబర్. నువ్వు బటన్ నొక్కితే మాడ్యూల్ ఆ మాట విని, కింద ట్రాన్స్‌ఫర్ కేస్‌కి (ఇంజన్ శక్తిని ముందు చక్రాలకి కూడా పంచే గేర్ల పెట్టెకి) బిగించిన మోటర్ని తిప్పుతుంది, ఆ మోటర్ ఎంత తిరిగిందో అందులోనే ఉన్న ఎన్‌కోడర్ సెన్సర్ తిరిగి చెబుతుంది. ఆ సెన్సర్ పాడైతే సీ 0327 కోడ్ వస్తుంది, డాష్‌బోర్డు మీద మాత్రం నీకు కనిపించేది ఇదే మెసేజ్. మాడ్యూల్ లోపలే తప్పుంటే సీ 0550. విడిభాగాల దుకాణాల్లో ఉచితంగా చూసే చిన్న స్కానర్లు మామూలుగా ఇంజన్ కోడ్లే చదువుతాయి, ఈ మాడ్యూల్‌తో మాట్లాడే స్కానర్ కావాలి. నంబర్ చెప్పలేని షాపు ఊహించి చెబుతోందన్నమాట, ఆ ఊహకి నువ్వు డబ్బు కట్టనక్కర్లేదు. పవరూ గ్రౌండూ సరిగ్గా ఉండి కూడా మంచి స్కానర్‌కి మాడ్యూల్ అసలు పలకడం లేదంటే మాత్రం అదే పోయినట్టు, అప్పుడు సందేహం లేకుండా మార్చు.

ఇంకొకటి, ఇదే ముఖ్యం. 2003 నుంచి వచ్చిన బండ్లకి కొత్త మాడ్యూల్ పెడితే ప్రోగ్రామింగ్ చేయించాలి, అంటే నీ బండికి తగ్గ సాఫ్ట్‌వేర్ అందులో ఎక్కించాలి. విప్పి బిగించడం నీ చేతిలో పనే, బ్యాటరీ నెగటివ్ తీసేసి చేసుకోవచ్చు. ప్రోగ్రామింగ్ ఎవరు చేస్తారో, ఎంత తీసుకుంటారో, నువ్వు బయట కొన్న పార్టుకి చేస్తారో చెయ్యరో మాట్లాడుకున్నాకే కొను. డీలర్ ఒక్కరే కాదు, ఇంటికొచ్చి చేసే మొబైల్ ప్రోగ్రామర్లు కూడా ఉంటారు.

—

అన్నయ్య చెప్పినదానికి కొంచెం కలుపుతున్నాను, నేను కొలరాడో స్ప్రింగ్స్‌లో ఉంటాను. జంక్‌యార్డ్ మాడ్యూల్ తీసుకుంటే బాగా తక్కువలో వస్తుంది, కానీ అదే సంవత్సరం, అదే ట్రాన్స్‌ఫర్ కేస్, స్టిక్కర్ మీద అదే పార్ట్ నంబర్ ఉండాలి, "సరిపోతుందిలే" అనే అమ్మకందారు మాట నమ్మకు బాబూ. ఎలక్ట్రానిక్ భాగాలు చాలాచోట్ల వెనక్కి తీసుకోరు, ఆ సంగతి డబ్బు కట్టకముందే అడుగు. రిపేరుకిస్తే రాతపూర్వకంగా ఎస్టిమేట్ తీసుకో, కొలరాడోలో దానికి చట్టం ఉంది. పాత పార్టు నాకు తిరిగివ్వాలని బండి ఇచ్చేటప్పుడే రాయించు. ఇంకో సంగతి, అపార్ట్‌మెంట్ పార్కింగ్‌లో బండి విప్పకూడదని చాలా లీజుల్లో ఉంటుంది, నీ లీజు ఒకసారి చదువుకో. తెలిసినవాళ్ల గరాజ్ దొరికితే మంచిది.

—

అన్నా, అక్కా, చాలా థ్యాంక్స్. ఈలోపు బండి నడపొచ్చా? వచ్చే శనివారం ఫ్రెండ్స్ ఐ-70 మీద బ్రెకెన్‌రిడ్జ్ వెళ్దామంటున్నారు.

—

ఊళ్లో నడపొచ్చు, కాకపోతే ముందు ఒకటి చూడు. పొడిగా ఉన్న ఖాళీ పార్కింగ్ లాట్‌లో స్టీరింగ్ పూర్తిగా తిప్పి మెల్లగా గుండ్రంగా పోనీ. బండి పట్టేసినట్టు ఎగిరెగిరి కదిలితే ఫోర్ వీల్ డ్రైవ్ పడిపోయి ముందు చక్రాలు కూడా కలిసే తిరుగుతున్నాయన్నమాట, అలా పొడి రోడ్డు మీద తిప్పితే లోపల గేర్లు, చెయిన్ దెబ్బతింటాయి, అప్పుడు మాత్రం బాగుచేసేదాకా ఆపెయ్. ఎక్కడ ఆపినా పార్కింగ్ బ్రేక్ వెయ్యి, ఎందుకంటే ట్రాన్స్‌ఫర్ కేస్ న్యూట్రల్‌లో ఆగిపోయి ఉంటే గేరు పార్క్‌లో ఉన్నా బండి దొర్లిపోతుంది.

ఐ-70 సంగతి వేరు. డాట్‌సెరో నుంచి మోరిసన్ దాకా సెప్టెంబరు 1 నుంచి మే 31 వరకు ట్రాక్షన్ చట్టం (మంచులో జారకుండా బండికి తగిన సరంజామా ఉండాలనే రూలు) అమల్లో ఉంటుంది. టైర్ల గాడి కనీసం 3/16 అంగుళం ఉండాలి. తగిన సరంజామా లేకుండా దొరికితే జరిమానా 130 డాలర్లు దాటుతుంది, నీ బండి వల్ల దారి మూసుకుపోతే 650 పైనే. పనిచేయని ఫోర్ వీల్ డ్రైవ్ నీకు ఏమాత్రం ఆసరా కాదు, పైగా ఖాళీ ట్రక్కు వెనక బరువుండదు, టూ హైలో, అంటే వెనక చక్రాలతోనే నడిచేటప్పుడు, మంచు పడ్డ ఎత్తుదారి మీద ఊరికే పక్కకి జారుతుంది. శనివారం ఫ్రెండ్స్ బండిలో వెళ్లు.

ఇవాళ గ్లవ్ బాక్స్ తెరిచి లోపల అతికించిన స్టిక్కర్ ఫొటో తియ్యి. అందులో ఎన్‌పీ8 అన్న కోడ్ ఉంటే నీది ఆటో ఫోర్ వీల్ డ్రైవ్ ఉన్న ట్రాన్స్‌ఫర్ కేస్. ఆ కోడూ, ఫ్యూజుల దగ్గర వచ్చిన రీడింగులూ ఇక్కడే రాయి, మాడ్యూల్ వెతకాలా, ఇగ్నిషన్ స్విచ్ వెతకాలా అప్పుడు తేల్చుకుందాం.