పాజ్‌కు ‘ఆపు’ చాలదా?

ప్రశ్న:
కంప్యూటర్‌లో వీడియోలు చూసే ఒక స్ట్రీమింగ్ యాప్‌ను తెలుగులోకి తెచ్చే పని నా చేతికి వచ్చింది. మెనూలు తేలికగానే సాగాయి. వీడియో అడుగున ఉండే నాలుగైదు బటన్ల దగ్గర బండి ఆగింది. పాజ్‌కు ‘ఆపు’ అని రాస్తే, మరి స్టాప్‌కు ఏమి రాస్తావని తోటివారు అడుగుతున్నారు. ‘విరామం’ అంటే కచేరీ మధ్యలో లేచి వెళ్ళమన్నట్టుంది. ‘తాత్కాలికంగా నిలుపు’ బటన్‌లో పట్టదు. బొమ్మలుండగా మాటలెందుకు అనకండి. మౌస్‌ను బటన్ మీదికి తెస్తే మాట కనబడుతుంది. తెరను చదివి వినిపించే సాఫ్ట్‌వేర్ వాడేవారికైతే ఆ మాటే దిక్కు.

స్పందన:
‘యతి’ అని పెట్టండి. రెండే అక్షరాలు. విచ్ఛేదం అనే అర్థం ఛందశ్శాస్త్రంలోనే ఉంది.

దానికి జవాబు:
సంస్కృత ఛందస్సులో ఉంది, తెలుగు పద్యంలో లేదు. సంస్కృత శ్లోకంలో యతి స్థానం దగ్గర పదం విరగాలి, చదివేవారు క్షణం ఆగుతారు. మన ఉత్పలమాలలో 10వ అక్షరం, చంపకమాలలో 11వ అక్షరం యతి స్థానాలు. అక్కడ పాదం మొదటి అక్షరంతో మైత్రి కుదిరితే చాలు, పదం ఆగనక్కరలేదు. మాట నడుమనే యతి పడుతుంది, పద్యం తన దారిన తాను పోతుంది. ఆగనిదాని పేరు తెచ్చి ఆపే బటన్‌కు పెడతారా?

మరో స్పందన:
స్టాప్‌కు ఏమి రాయాలన్న ప్రశ్న అసలు మీకు ఎదురవుతుందా? ప్లేయర్‌ను ఒకసారి తెరిచి చూడండి. యూట్యూబ్‌లో గానీ నెట్‌ఫ్లిక్స్‌లో గానీ నలుచదరపు స్టాప్ బటన్ కనబడదు. అది టేపుల కాలపు అవసరం. వీడియో క్యాసెట్ యంత్రంలో పాజ్ నొక్కితే టేపు ముందుకు కదలడం మానేది కానీ, టేపును చదివే హెడ్ తిరుగుతూ దాన్ని ఒరుసుకుంటూనే ఉండేది. ఒకేచోట ఎక్కువసేపు ఒరుసుకుంటే టేపు అరుగుతుంది కనుక, చాలా యంత్రాలు కొన్ని నిమిషాలు చూసి తామే స్టాప్‌లోకి వెళ్ళిపోయేవి. రెండూ నిజంగా వేర్వేరు పనులు, అందుకే రెండు మీటలు.

స్ట్రీమింగ్‌లో అరిగేది ఏమీ లేదు. ఆపితే బొమ్మ నిలుస్తుంది. ఈలోగా ముందు భాగం కొంత వచ్చి చేరుతూ ఉంటుంది. కింది పట్టీ మీద లేతరంగు గీత కాస్త ముందుకు పాకడం అదే. ఇక చాలనుకుంటే ట్యాబ్ మూసేస్తాం. కాబట్టి ‘ఆపు’కు పోటీయే లేదు.

ఎప్పుడైనా రెండూ కావలసి వచ్చినా సంస్కృతం దాకా పరుగెత్తనక్కరలేదు. ఈ తేడా చూపడానికి తెలుగు కొత్త పదం వెతకదు, క్రియకు తోక తగిలిస్తుంది. ‘ఆపి ఉంచు’ అంటే మళ్ళీ కదిలించే ఉద్దేశం ఉంది. ‘ఆపివేయి’ అంటే ఇక అయిపోయింది. ‘తలుపు తీసి ఉంచు’, ‘తలుపు తీసివేయి’ పక్కపక్కన పెట్టి చూడండి. రెండోదానికి వడ్రంగి కావాలి.

ఇంకొకరు:
నేను తెర చూడను, వింటాను. నాకు కావలసింది ఒక్కటే: ఆ మాట ఇప్పుడున్న స్థితి చెబుతోందా, నొక్కితే జరగబోయేది చెబుతోందా? ఒకే బటన్ రెండు పనులు చేస్తుంది కదా. ‘విరామం’ అని వినబడితే వీడియో ఇప్పటికే ఆగి ఉందనుకుంటాను. ‘ఆపు’ అంటే అనుమానం లేదు, అది ఆజ్ఞ. అలాగని ‘ఆపండి’ అని మాత్రం పెట్టకండి. బటన్ మీది మాట నేను యంత్రంతో అంటున్న మాట. దానికి ‘అండీ’ ఎందుకు? యాప్ నాతో మాట్లాడేటప్పుడు, ‘మళ్ళీ ప్రయత్నించండి’ లాంటి చోట్ల, ఆ మర్యాద ఉండాలి.

స్పందన:
పెద్దవారు కూడా వాడతారు. తెర మీద ‘ఆపు’ అని చూస్తే కసిరినట్టుంటుందేమో.

జవాబు:
కసిరేది వారే. కసిరించుకునేది కంప్యూటర్.

ప్రశ్న అడిగినవారు:
సరే, ‘ఆపు’ ఖాయం. ప్లే సంగతి? కొందరు ‘ఆడించు’ అంటున్నారు.

స్పందన:
సినిమా ఆడుతుంది, వంద రోజులు ఆడుతుంది, అది మన నుడికారమే. కానీ ‘ఆడించు’ అనగానే మనసు తోలుబొమ్మల వైపు పోతుంది. మాట్లాడేటప్పుడు మనం ‘సినిమా పెట్టు’, ‘పాట పెట్టు’ అంటాం గానీ, ఒంటరిగా బటన్ మీద ‘పెట్టు’ అని ఉంటే ఏమి పెట్టాలో తెలియదు. నా సలహా: మొదటిసారి ‘మొదలుపెట్టు’, నడుమ ఆపినదానికి ‘కొనసాగించు’. ఇంగ్లిషువారు రెండింటికీ ఒకే త్రికోణం, ఒకే మాట వాడుతున్నారని మనమూ వాడాలా? ‘ప్లే చేయి’ అన్నా గొడవపడను, ఆ మాట తెలుగులో ఎప్పుడో కుదురుకుంది.

ఇంకొకరు:
రివైండ్‌కు ‘వెనక్కి తిప్పు’ అని రాస్తే మాత్రం ఒప్పుకోను. తిప్పడానికి టేపు చక్రం ఏది? స్ట్రీమింగ్ వీడియో కొన్నేసి సెకన్ల ముక్కలుగా వస్తుంది. ఎడమ బాణం నొక్కితే ప్లేయర్ నడిమి బొమ్మలన్నిటినీ వెనక్కి నడపదు, కావలసిన ముక్క అందుకుని అక్కడి నుంచి ఎత్తుకుంటుంది. అసలు క్రియ ఎందుకు? ‘10 సెకన్లు వెనక్కి’ చాలు, క్రియ లేకపోయినా తెలుగు వాక్యానికి లోటు రాదు. అంకె మాత్రం మానకండి. యూట్యూబ్‌లో బాణం మీట 5 సెకన్లు, జె, ఎల్ మీటలు 10 సెకన్లు. నెట్‌ఫ్లిక్స్‌లో బాణమే 10. పట్టీ మీది చుక్కను పట్టుకుని లాగేది వేరే పని, దానికి ‘జరుపు’.

దానికి జవాబు:
ఆ జె, ఎల్ మీటలు ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ నుంచి వచ్చిన అలవాటు. నడుమ ఉన్న కె ఆపుతుంది. అక్కడ జె నొక్కితే బొమ్మ నిజంగానే వెనక్కి నడుస్తుంది. ఎడిటర్ల వరకు ‘తిప్పు’ను బతకనివ్వండి.

ప్రశ్న అడిగినవారు:
మ్యూట్‌ను అలాగే ఉంచుతున్నాను. మిగిలింది స్కిప్. ధారావాహికల మొదట్లో పేర్లు, సంగీతం వచ్చేచోట మా పాత అనువాదంలో ‘పరిచయాన్ని దాటవేయి’ అని ఉంది.

స్పందన:
దాటవేసేది ప్రశ్నలను! పత్రికల్లో ‘దాటవేత ధోరణి’ అంటే జవాబు చెప్పకుండా తప్పించుకోవడం. పేర్లు చూడకపోతే అంత నేరమా? ‘పరిచయం వదిలేయి’ అన్నా నయమే. ఇంకా మంచిది, దేన్ని వదులుతున్నామో చెప్పేకంటే ఎక్కడికి పోతున్నామో చెప్పండి: ‘కథలోకి వెళ్ళు’.

ప్రశ్న అడిగినవారు:
బాగుంది. పైన క్రియ అక్కరలేదన్నారు కదా, ‘వెళ్ళు’ కూడా తీసేసి ‘కథలోకి’ అని రాస్తున్నాను.