అప్‌డేట్: ఆట రాకపోయినా టీమ్‌లో చేరాను
కొత్త ఉద్యోగంలో ఎవరితోనూ కలవలేకపోతున్నాను, మీటింగుల్లో నోరు పెగలడం లేదు, ఆట రాకపోయినా ఆఫీసు వాలీబాల్ టీమ్‌లో చేరనా అని మూడు నెలల క్రితం అడిగాను కదా. చేరాను.

మొదటి వారం నా సర్వీసు ఒక్కటీ నెట్ దాటలేదు. కానీ ఈ ఆటలో ఒక మెలిక ఉంది: సర్వీసు చేసే వంతు మనకు తిరిగొచ్చిన ప్రతిసారీ టీమ్‌లోని ఆరుగురూ ఒక్కో స్థానం జరగాలి. నన్ను ఓ మూలన దాచే వీల్లేదు! పైగా బంతి ఇద్దరి మధ్యకు వస్తే 'నాది' అని అరవాల్సిందే, లేకపోతే ఇద్దరూ వదిలేస్తారు. నా గొంతు అక్కడే లేచింది. మాలో ఒకాయనకు వినికిడి తక్కువ, అందుకని అరుపుతో పాటు చెయ్యి కూడా ఎత్తుతున్నాం.

మొన్న మీటింగులో 'ఈ పని నేను చూస్తాను' అన్నాను. చెయ్యి దానంతటదే లేచింది, అందరూ నవ్వారు. సర్వీసులు మాత్రం ఇంకా సగం నెట్‌కే.