ఒంటరిగా బిస్కే అఖాతం దాటుతుంటే పెద్ద ఓడలతో ఎలా?

ప్లిమత్ పడవోడు:
అన్నలూ, నాది 28 అడుగుల సెయిల్ బోట్. జూన్‌లో ఇంగ్లండ్‌లోని ఫాల్మౌత్ నుంచి స్పెయిన్‌లోని లా కొరూన్యాకి ఒక్కడినే వెళ్దామనుకుంటున్నా. గాలి, అలల కంటే ఓడలంటేనే టెన్షన్. ఇంజన్ ఓడ తెరచాప పడవకి దారివ్వాలని రూలుంది కదా, దాన్ని ఎంతవరకు నమ్మొచ్చు? ఏఐఎస్ (ఓడలు తమ పేరు, చోటు, వేగం రేడియోలో పంపుకునే పద్ధతి) రిసీవర్ ఉంది. నా వివరాలు కూడా పంపే ట్రాన్స్‌పాండర్ కొనాలా, రాడార్ తరంగాల్ని తిప్పికొట్టే రిఫ్లెక్టర్‌తో సరిపెట్టుకోవచ్చా? నిద్ర సంగతేంటి?

కాకినాడ సెకండ్ మేట్:
కంటైనర్ షిప్‌లో రాత్రి 12–4 వాచ్ డ్యూటీ నాది. అవతలి పక్క నుంచి చెప్తా.

మీరన్న రూలు, అంటే ఓడలు గుద్దుకోకుండా పెట్టిన అంతర్జాతీయ నియమాల్లో రూల్ 18, మీ వైపే ఉంది. కానీ దారివ్వాలంటే ముందు మీరు నాకు కనబడాలిగా! అలలు లేచిన రాత్రి రాడార్ తెర మీద పిండి చల్లినట్టు ఒకటే చుక్కలు. వాటిని తగ్గిద్దామని సీ క్లటర్ నాబ్ తిప్పితే మీ ఫైబర్ పడవ కూడా వాటితోపాటే మాయం. పడవ ఒరిగితే రిఫ్లెక్టర్ పనితనం ఇంకా తగ్గుతుంది. ఇక ఓడ ముక్కు ముందు 500 మీటర్ల దాకా నీళ్లు కనబడకపోయినా సోలాస్ (అంతర్జాతీయ ఓడల భద్రతా) నిబంధనలు ఒప్పుకుంటాయి, కంటైనర్లు అడ్డం కదా. అంత దగ్గరికొచ్చాక మీరు టార్చ్ ఊపినా లాభం లేదు.

అందుకే ట్రాన్స్‌పాండర్ కొనండి. రిసీవర్‌తో నేను మీకు తెలుస్తాను, మీరు నాకు తెలియరు. చిన్న పడవలు వాడే క్లాస్ బి రకం చాలు. మీ పేరు, వేగం, ఎంత దగ్గరగా దాటబోతున్నామో అన్నీ తెర మీదకొచ్చేస్తాయి.

అనుమానమొస్తే ఐదారు మైళ్లుండగానే వీహెచ్ఎఫ్ రేడియో 16వ ఛానల్‌లో ఓడ పేరు పెట్టి పిలవండి. "నా ఎడమ పక్కనున్న ఓడ" అంటే మన గురించి కాదులే అని అందరం ఊరుకుంటాం. "ఒక్కడినే ఉన్నా, నన్ను చూశారా?" అని అడగండి చాలు. ఎవరెటు తిరగాలని బేరాలొద్దు.

నిద్రంటారా, రూల్ 5 ప్రకారం కాపలా లేకుండా పడుకోవడమే తప్పు. అయినా ఒంటరివాళ్లందరూ పడుకుంటారనుకోండి. 18 నాట్ల (గంటకి 18 సముద్రపు మైళ్ల) ఓడకి ఆరు మైళ్లంటే 20 నిమిషాలే. మీ అలారం అంతకు మించకూడదు.

సోలెంట్ బావ:
నేను ఆ దారిన వెళ్లా. ఫ్రాన్స్ కొసనున్న ఉషాంట్ దీవి, స్పెయిన్ కొసనున్న ఫినిస్టెర్ మధ్య ఓడలన్నీ ఇంచుమించు ఒకే గీత మీద పోతాయి. కొరూన్యా వెళ్లాలంటే దాన్ని ఎక్కడో ఒకచోట దాటాల్సిందే. ముందే కునుకు తీసి, పగటిపూట దాటు తమ్ముడూ. లోతు 200 మీటర్ల నుంచి ఒక్కసారిగా వేలల్లోకి పడిపోయే అంచు దగ్గర చేపల పడవలుంటాయి. వాటిలో కొన్ని ఏఐఎస్ ఆపేసి తిరుగుతాయి, అక్కడ ఏఐఎస్ అలారం మీద భరోసా పెట్టుకోకు. ట్రాన్స్‌పాండర్ ఏమీ పంపని సైలెంట్ మోడ్‌లో లేదని కూడా చూసుకో.

ప్లిమత్ పడవోడు:
థాంక్స్. అన్నీ చేసినా ఓడ తిరగకపోతే?

కాకినాడ సెకండ్ మేట్:
హ్యాండ్ కంపాస్‌తో ఓడ బేరింగ్ (అది ఏ దిక్కున ఉందో) చూస్తూ ఉండండి. అది మారకుండా ఓడ దగ్గరవుతోందంటే గుద్దుకునే దారిలో ఉన్నట్టే. రెండు మూడు మైళ్లుండగానే తిరిగేయండి. ఐదారు డిగ్రీలు కాదు, మీరు తిరిగారని నాకు తెలిసేంత. ఓడ మీ ఎడమ నుంచి వస్తుంటే మాత్రం ఎడమకి తిరగొద్దు. మేం కుడికి తిరిగి మీ వెనక నుంచి పోదామని చూస్తాం. గాలి పడిపోతే తెరచాపతో పక్కకి జరగలేరు, ఇంజన్ ముందే స్టార్ట్ చేసి ఉంచుకోండి.